ఎగరకూడదని ఒక్క ముక్క

జూన్‌లో బళ్ళు తెరిచాక నా దగ్గరికొచ్చే తల్లుల్లో కొందరికి మందు అక్కర్లేదు, చీటీ కావాలి. "మా గుంట పెద్దమనిషయింది డాక్టరమ్మా. ఇంక ఎగరకూడదని ఒక్క ముక్క రాసిచ్చేయండి, పీఈటీ మేష్టారు ఊరుకోవడం లేదు." శ్రీకాకుళంలో పిల్లల వైద్యం మొదలుపెట్టి ఇరవై ఆరేళ్ళయింది. ఈ మాట వినని ఏడాది లేదు. మగపిల్లాడి కోసం అలాంటి చీటీ అడిగినవాళ్ళు మాత్రం ఇంతవరకూ నాకు తగల్లేదు. మగపిల్లల తల్లులు అడిగేది కట్టు ఎప్పుడు విప్పుతారని, మళ్ళీ గ్రౌండుకి ఎప్పుడు పంపొచ్చని.

ఎందుకు ఆడకూడదని అడుగుతాను. గర్భసంచి జారిపోతుందంటారు. ఎండకి నల్లబడిపోతే సంబంధాలు రావంటారు. చేతులు మగాళ్ళలా గట్టిపడిపోతాయంటారు. నానమ్మ గొంతు తగ్గించి, "లోపల ఏదైనా చిరిగిపోతేనో" అంటుంది. ఒక్కోదానికీ ఓపిగ్గా జవాబు చెబుతాను. గర్భసంచి కటి ఎముకల మధ్య భద్రంగా ఉంటుందమ్మా, దూకితే జారిపోయేది కాదు. నెలసరి రోజుల్లో ఒళ్ళు కదిలిస్తే చాలామందికి కడుపునొప్పి తగ్గుతుంది కూడా. కన్నెపొర ఒక్కొక్కరికి ఒక్కోలా ఉంటుంది, కొందరికి పుట్టుకతోనే ఉండీ లేనట్టు ఉంటుంది. దాన్ని చూసి ఏ డాక్టరూ ఏ పిల్ల గురించీ ఏమీ తేల్చలేరు. ఇక ఎముకల బలం, అది చాలావరకు ఇరవై ఏళ్ళలోపే చేరాలి. దూకి, పరిగెత్తి దాన్ని కూడబెట్టుకోవాల్సిన వయసులో పిల్లని మంచం మీద కూర్చోబెడితే, ముసలితనంలో తుంటి విరిగేది ఆ పిల్లకే. నలుపు సంగతి వచ్చేసరికి మాత్రం నాకు ఓపిక ఉండదు, కోప్పడతాను.

ఎక్కడివాళ్ళ గొప్పలో చెప్పక్కర్లేదు నాకు. ఆమదాలవలస పక్కన ఊసవానిపేట మన జిల్లాదే. ఆ ఊరి కరణం మల్లీశ్వరి 2000 సెప్టెంబరులో సిడ్నీలో రెండు ఎత్తుల్లో కలిపి 240 కిలోలు ఎత్తి కాంస్య పతకం తెచ్చింది. ఆడవాళ్ళ వెయిట్‌లిఫ్టింగు ఒలింపిక్స్‌లోకి వచ్చిందే ఆ ఏడు. అంతకుముందు మన దేశంలో ఏ ఆడదాని మెడలోనూ ఒలింపిక్ పతకం పడలేదు. ఆవిడ పేరు చెబితే తల్లుల ముఖాలు వెలుగుతాయి. "ఆయమ్మ వేరండీ" అని మళ్ళీ చీటీ దగ్గరికే వస్తారు.

ఇంత చెప్పే నేను ఒకసారి రాసిచ్చాను.

పదమూడేళ్ళ పిల్ల. బక్కగా ఉంది, మోకాళ్ళ నిండా మానిన దెబ్బల మచ్చలు. జిల్లా కబడ్డీ జట్టుకి ఎంపికైన వారానికే పెద్దమనిషయింది. తల్లీ నానమ్మా చెరో పక్కన కూర్చున్నారు. వీపు మీద స్టెత్ పెట్టి, "కూత ఎంతసేపు పెడతావే?" అన్నాను. ఆ మాట కోసమే చూస్తున్నట్టు మొదలుపెట్టేసింది. గోడ గడియారం చూశాను. ముప్ఫై సెకన్లు దాటినా గుక్క తెగలేదు. కబడ్డీలో రైడుకి ఇచ్చేది ముప్ఫై సెకన్లే. ఆపి, గెలిచినట్టు నానమ్మ వంక చూసింది. నానమ్మ నేలచూపులు చూసింది.

హిమోగ్లోబిన్ 10.2. మన దగ్గర ఇది ఇంటింటి మాట. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 19 ఏళ్ళ అమ్మాయిల్లో నూటికి 59 మందికి రక్తం తక్కువని తేలింది. నులిపురుగుల మాత్ర, ఐరన్ మాత్రలు, మాత్ర వేసుకున్నాక టీ తాగొద్దని ఒక మాట. అంతవరకే రాయాల్సింది. బయట నలభై మంది ఉన్నారు, నానమ్మ కుర్చీలోంచి లేవడం లేదు. కింద "రెండు నెలలు విశ్రాంతి" అని రాసి సంతకం పెట్టాను. రక్తం పట్టేదాకా కాస్త తగ్గిస్తే చాలని నా ఉద్దేశం. మాత్రలు మూడో వారానికే మానేశారు. చీటీ మాత్రం బీరువాలో దాచారు.

మగపిల్లలకి ఇదే బాధ ఇంకో వైపు నుంచి వస్తుంది. నడుంనొప్పని ఒక తండ్రి పదకొండేళ్ళ బాబుని తీసుకొచ్చాడు. క్రికెట్ కోచింగులో పొద్దున్నా సాయంత్రం ఫాస్ట్ బౌలింగు. వెనక్కి వంగమంటే పళ్ళు బిగించి వంగాడు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి, నోరు మాత్రం మెదపలేదు. నొప్పి మొదలై రెండు నెలలైందట. "చెప్పలేదేం నాన్నా?" అంటే తండ్రి వంక చూశాడు. "మగపిల్లాడివి, ఈమాత్రానికి ఏడుస్తావేంటని నేనే అన్నాను మేడమ్" అని ఆయనే ఒప్పుకున్నాడు. స్కాన్‌లో వెన్నుపూస వెనక భాగంలో సన్నని చీలిక కనిపించింది. ఎదిగే వయసులో అదేపనిగా నడుం విరిచి బంతి వేస్తే వచ్చేదే. మూడు నెలలు బంతి ముట్టకూడదు, తర్వాత ఫిజియోథెరపీ. మానిపోతుందని ధైర్యం చెప్పాను.

మందులు రాస్తుంటే బల్ల కింద టకటకమని చప్పుడు. వంగి చూస్తే వాడి పాదాలు. మడమ, మునివేళ్ళు, మడమ, లెక్క తప్పకుండా. అక్కని కూచిపూడి క్లాసులో దింపడానికి వెళ్ళి, గుమ్మం దగ్గర కూర్చుని చూసి నేర్చుకున్నాడట. తనకీ నేర్పించమని వాడు అడిగిన వారంలోనే తండ్రి బ్యాటూ కిట్టూ కొనిపెట్టాడు. "నడక మారిపోద్దేమోనని మేడమ్" అన్నాడు. ఆయన భయం నిజమైన భయమే, జాలేసింది. కూచిపూడి ఊళ్ళో తరతరాలుగా ఆడింది మగవాళ్ళేనండీ, సత్యభామ వేషం కట్టి వేదాంతం సత్యనారాయణ శర్మగారు దేశమంతా పేరు తెచ్చుకున్నారు, పద్మశ్రీ అందుకున్నారు అని చెప్పాను. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. "నాకు తెలీదు మేడమ్" అన్నాడు చివరికి. నడుం మానాక ఆ బాబు గుమ్మం దాటి లోపలికి వెళ్ళాడో లేదో తెలుసుకోవాలని ఉంది. మళ్ళీ రాలేదు వాళ్ళు.

కబడ్డీ పిల్ల నాలుగేళ్ళకి వచ్చింది. బరువు 76 కిలోలు. మూడు నెలలుగా నెలసరి లేదు. మెడ వెనక మడతల్లో నలుపు. తల్లి దాన్ని మురికనుకుని రోజూ పీచుతో రుద్దుతోంది, చర్మం కందిపోయి ఉంది. అది మురికి కాదమ్మా, ఒంట్లో ఇన్సులిన్ సరిగ్గా పని చేయడం లేదనడానికి గుర్తు అని చెప్పి రుద్దడం మాన్పించాను. పరీక్షల్లో పీసీఓఎస్ అని తేలింది. కబడ్డీ మానినందుకే ఇదంతా వచ్చిందని అనను, తండ్రికీ తాతకీ షుగర్ ఉంది. కానీ రోజూ రెండు గంటలు పరిగెత్తిన ఒళ్ళు నాలుగేళ్ళు గడప దాటలేదు. మందు రాశాను. రోజూ కనీసం గంట ఒళ్ళు బాగా కదిలేలా ఆడమన్నాను. 5 నుంచి 17 ఏళ్ళ పిల్లలందరికీ, ఆడా మగా తేడా లేకుండా, ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే లెక్క అదే.

"అప్పుడు మీరే కదా మేడమ్ ఆడొద్దని రాసిచ్చారు" అంది. ఆ గొంతులో నిష్ఠూరం కూడా లేదు. తన ఒంట్లో ఏదో లోపముందనే నాలుగేళ్ళూ అనుకుంది ఆ పిల్ల.

"నేను తప్పు రాశానమ్మా" అన్నాను, తల్లి వింటుండగానే. నీలో లోపం ఇప్పుడే కాదు, అప్పుడూ లేదని చెప్పాను. ఆ తర్వాత అలాంటి చీటీ నేను రాయలేదు. నానమ్మలు లేవకపోతే కూర్చోనిస్తున్నాను, బయట ఎంతమంది ఉన్నా సరే.

వీపు మీద స్టెత్ పెట్టాను. "కూత పెట్టు, చూద్దాం."

తల్లి వంక చూసింది. తల్లి ఏమీ అనలేదు. చిన్నగా మొదలుపెట్టింది. పదకొండు సెకన్లకే గుక్క తెగింది. సిగ్గుపడి చున్నీ సర్దుకుంటూ తల దించుకుంది.

"మళ్ళీ పెట్టు" అంది తల్లి, సంచిలోంచి ఫోను తీసి టైము చూస్తూ.