వాన కోసం ఆగిన ప్రాణం

భిలాయిలో ఎండలు ముదిరాక మా బస్తీ పక్క చెరువు అడుగు బయటపడుతుంది. నెర్రెలిచ్చిన ఆ మట్టిలో ప్రాణమున్న ఆనవాలే ఉండదు. మొదటి పెద్ద వాన పడిన రాత్రి మాత్రం చెరువంతా కప్పల బెకబెకలే. అన్నీ ఎక్కడినుంచో వచ్చినవి కావు. కొన్ని జాతులు తేమ మిగిలిన లోతుకు తవ్వుకుని, గుండె వేగాన్నీ శ్వాసనూ తగ్గించుకుని, ఒంట్లోని కొవ్వును పొదుపుగా వాడుకుంటూ వానదాకా ఆగుతాయి. చైనాలో ఎండిన సరస్సు అడుగున దొరికిన, సుమారు 1300 ఏళ్లనాటి తామర గింజ కూడా మొలకెత్తింది.

ఈ సంగతులు తలచుకుంటే మాకొక ఇల్లు గుర్తొస్తుంది. 1959లో మొదటి బ్లాస్ట్ ఫర్నేస్ వెలిగిన ఈ ఊరికి, శ్రీకాకుళం వైపునుంచి ఉక్కు పనికని తండ్రుల కాలంలో వచ్చిన కుటుంబం. కొడుక్కి కాంట్రాక్టు పని పోయింది. ఎప్పుడు వెళ్లినా గోడవైపు తిరిగి పడుకుని ఉండేవాడు. "కాయితాలు తే తమ్ముడూ, కేసు వేద్దాం" అంటే, "సూద్దాం అక్కా" అనేవాడు. సోమరి అనుకున్నాం. ఒకసారి కసిరాం కూడా. తన వంతు అన్నం పిల్లలకు పెట్టి ఒక్క పూట తింటున్నాడని అతని భార్య చెప్పేసరికి కేసు గడువు దాటిపోయింది. లా చదివిన మాకు గడువు తెలుసు, ఆకలి తెలియలేదు.

అమెరికాలోని మిన్నెసోటాలో 1944–45లో, యుద్ధంలో ఆయుధం పట్టబోమన్న 36 మంది యువకులు ఒక పరిశోధన కోసం 24 వారాలు అరకడుపుతో ఉన్నారు. విశ్రాంతిలో వారి శరీరం ఖర్చుచేసే శక్తి దాదాపు 40 శాతం తగ్గింది. గుండె నెమ్మదించింది. ఎప్పుడూ చలిగా ఉండేది. నవ్వు, మాట, చదువు మీద ఇష్టం సన్నగిల్లాయి. ఆ తమ్ముడి ఒళ్లూ అదే చేసింది. మేము దానికి సోమరితనమని పేరు పెట్టాం. పక్కింటివాళ్లు తలరాత అన్నారు. ఎవరమూ పొయ్యి చూడలేదు.

సిద్ధార్థుడు కూడా ఎముకల గూడయ్యేదాకా తిండి మానాడు. ఆ దారిన జ్ఞానం దొరకదని గ్రహించి, సుజాత ఇచ్చిన పాయసం తిన్నాకే బోధి చెట్టు కింద కూర్చున్నాడు. మధ్యమ మార్గం కడుపుతోనే మొదలైంది. నెమ్మదించడం ప్రాణాన్ని నిలుపుతుంది, అంతవరకే. లేవాలంటే వాన కావాలి.

ఇప్పుడు మేము మొదటి రోజు బియ్యం, పప్పు పట్టుకెళ్తాం. కాయితాల మాట రెండోసారి. గడువు తేదీ మా డైరీలో రాసుకుంటాం, ఆఫీసుకు మేమే తోడు వెళ్తాం. ఆ తమ్ముడు ఇప్పుడు కూలి పని చేస్తూనే ఆదివారం వందన అయ్యాక మాతో వస్తాడు. ఏ ఇంటికి వెళ్లినా ముందు ఏమీ అడగడు. పొయ్యివైపు చూస్తాడు.

ధమ్మబంధువులారా, మీ వీధిలో గోడవైపు తిరిగి పడుకున్నవారు ఎవరైనా ఉన్నారేమో చూడండి. జై భీమ్.