లూవ్రులో ఒక ఉదయం

పారిస్ వెళ్ళినవాళ్ళు లూవ్రు మ్యూజియంలో మొదట పరుగెత్తేది మోనాలిసా దగ్గరికే. నేనూ అలాగే వెళ్ళాను. జనం తలల సందుల్లోంచి ఆ చిరునవ్వు కాస్త చూసి, ఊపిరి పీల్చుకుందామని పై అంతస్తులో డచ్చి చిత్రాలున్న గదులకు చేరాను.

అక్కడ ఒక ముసలావిడ స్టాండు మీద కాన్వాసు పెట్టుకుని, గోడమీది పటాన్ని చూస్తూ నూనె రంగులతో నకలు దించుతోంది. అది రెంబ్రాంట్ 1660లో వేసుకున్న తన సొంత రూపం. తలకు తెల్లటి గుడ్డ, చేతిలో రంగుల పలక, కుంచెలు. అప్పటికి ఆయన దివాలా తీసి నాలుగేళ్ళు.

1793లో ప్రజలకు తలుపులు తెరిచిన నాటినుంచీ ఇక్కడ చిత్రకారులు ఇలా నకళ్ళు వేసి నేర్చుకుంటూనే ఉన్నారు. స్టాండు మ్యూజియం వారే ఇస్తారు. అనుమతి మూడు నెలలు. పని పూటపూటా ఉదయం వేళే. నకలు అసలు కంటే అయిదో వంతు చిన్నదిగానో పెద్దదిగానో ఉండి తీరాలి. అసలు చిత్రకారుడి సంతకం మాత్రం దించకూడదు.

నాకు మా ఇంట్లో పటం గుర్తొచ్చింది. నాన్నగారు పోయాక ఆయన ఫొటో చూసి నూనె రంగుల్లో వేశాను. బంధువులంతా "అచ్చు ఆయనే" అన్నారు. అమ్మ మాత్రం ఏమీ అనలేదు.

ఆ సంగతి చెబితే, ఆవిడ వచ్చీరాని ఇంగ్లీషులో, "ముందు కళ్ళు వేశారు కదూ?" అంది. నిజమే! ఆవిడ కాన్వాసంతా మొదట గోధుమరంగు పూసి, పల్చటి ముదురు రంగుతో నీడలే పరిచింది. అది ఆరాక, వెలుగు పడే నుదుటి మీద, ముక్కు మీద తెలుపు దట్టంగా పెడుతోంది. అడుగు పూతలో నూనె తక్కువ, పై పూతలో ఎక్కువ ఉండాలట. తారుమారైతే పటం పగుళ్ళిస్తుందట.

ఇంతలో కాస్త వెనక్కి జరిగి చూసి, గుడ్డతో చెంపంతా తుడిచేసింది! నేను "అయ్యో" అన్నాను.

"ఇంటికి పట్టుకెళ్ళేది బొమ్మను కాదండీ, చూపును" అని నవ్వింది.

ఊరు చేరగానే కొత్త కాన్వాసు తీశాను. నెల రోజులుగా నీడలే వేస్తున్నాను. మొన్న అమ్మ కాఫీ ఇవ్వడానికి వచ్చి, గ్లాసు చేత్తో పట్టుకునే చాలాసేపు నిలబడిపోయింది.

"ఈ పక్క మీ నాన్నగారి పోలిక వచ్చిందిరా" అంది.

కళ్ళింకా వెయ్యలేదు.