ఖరగ్‌పూర్‌లో వేడెక్కిన పెట్టె

ఖరగ్‌పూర్ అనగానే చాలామందికి స్ఫురించేది అక్కడి ప్లాట్‌ఫారం. 1,072.5 మీటర్ల పొడవుతో అది చిరకాలం ప్రపంచంలోకెల్లా పొడవైనదిగా పాఠ్యపుస్తకాలలో వెలిగింది. 2013లో గోరఖ్‌పూర్, 2023లో హుబ్బళ్ళి దానిని దాటిపోయాయి. కీర్తి తరలిపోయినందుకు ఊరు నొచ్చుకున్న జాడ మాత్రం కనబడదు. హౌరాకు సుమారు 115 కిలోమీటర్ల ఇవతల, అచ్చమైన బెంగాలు నేలమీద దిగిన తెలుగు ప్రయాణికుడిని అంతకంటె ఆశ్చర్యపరిచేది మరొకటున్నది: గోల్ బజారులో కూరగాయల బేరం తెలుగులో సాగుతుంది.

ఇది నిన్న మొన్నటి వలస కాదు. 1887లో ఏర్పడిన బెంగాల్ నాగపూర్ రైల్వే ఇక్కడ పెద్ద కర్మాగారాన్ని నెలకొల్పినప్పుడు శ్రీకాకుళం, విశాఖపట్నం ప్రాంతాలనుండి కుటుంబాలకు కుటుంబాలు తరలివచ్చాయి. వరాహగిరి వెంకటగిరి రాష్ట్రపతి కావడానికి నాలుగు దశాబ్దాల ముందే, 1928లో, ఆ రైల్వే కార్మికుల సమ్మెకు సారథ్యం వహించారు. 2020లో పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం తెలుగుకు అధికార భాష హోదా ఇవ్వడానికి సమ్మతించిందంటే అందుకు ముఖ్య కారణం ఈ ఊరే.

ఆ ఊరి తెలుగువాడొకరి చేతి నైపుణ్యం నేను చూడడం తటస్థించింది ఒక పాత బండి పుణ్యాన.

1970వ దశకంలో యూరప్ యువకులు కాబూల్ మీదుగా మన దేశానికి నడిపించుకొని వచ్చిన వోక్స్‌వ్యాగన్ వ్యానులు కొన్ని ఇక్కడే ఉండిపోయాయి. అటువంటిదొకటి కోల్‌కతాలోని నా మిత్రుడి చేతిలో పడింది. లోపల మడత మంచం, చిన్న పొయ్యి, నీళ్ళ పంపు, పంకా ఉన్నాయి. ఇంజనుతో నిమిత్తం లేకుండా వీటికోసం వేరే బ్యాటరీ, దానిని ఇంటి కరెంటుతో నింపడానికి ఇనుప పెట్టెలాంటి ఒక విదేశీ చార్జరు. గత శీతాకాలం మిత్రుడు, ఆయన భార్య, ఎనిమిదేళ్ళ కుమార్తె విశాఖపట్నానికి బయలుదేరగా వారితో నేనూ ఎక్కాను.

మొదటి రాత్రి ఖరగ్‌పూర్‌లో ఒక లాడ్జి ఆవరణలో బండి ఆపి, లాడ్జినుండి తీగ లాగి చార్జరుకు తగిలించారు. చార్జరు, బ్యాటరీ రెండూ ఉన్నది పాప పడుకున్న మంచం కిందనే. తెల్లవారుజామున రెండు గంటలకు తల్లికి మెలకువ వచ్చింది. మాడిన వార్నిషు వాసన, దానికి తోడు ముక్కుపుటాలను కోసే పుల్లని ఆమ్లపు ఘాటు. పెట్టెమీద చేయి పెట్టడానికి వీలులేనంత వేడి. మిత్రుడు లాడ్జి గోడదగ్గర స్విచ్చి ఆర్పి, పాపను బయటకు ఎత్తుకొచ్చి, తలుపులన్నీ బార్లా తెరిచాడు.

ఉదయం మేము వెళ్ళిన మొదటి దుకాణంలో చార్జరు పోయిందనీ, కొత్తది కొనుక్కోమనీ తేల్చేశారు. లాడ్జి కాపలాదారు మాత్రం మమ్మల్ని రైల్వే క్వార్టర్ల అవతల ఉన్న ఒక పెద్దాయన ఇంటికి పంపాడు. రైలుపెట్టెల దీపాల విభాగంలో ముప్పై ఏళ్ళకు పైగా పనిచేసి పదవీ విరమణ చేసిన మనిషి. ఖరగ్‌పూర్‌లో వారిది మూడవ తరం.

ఆయన దగ్గరకు పంపడంలో గొప్ప ఔచిత్యమున్నదని నాకు తరువాత తోచింది. రైలుపెట్టె కూడా చక్రాలమీది ఇల్లే కదా! పాత పెట్టెల కింద ఇరుసుకు బెల్టు తగిలించిన డైనమో ఒకటి ఉండేది. బండి పరుగెత్తుతుంటే అది బ్యాటరీలను నింపేది; ఆగితే బ్యాటరీలు దీపాలను పోషించేవి. ఒకప్పుడు 24 వోల్టులకు 12 సెల్లులు సరిపోయేవి. తరువాత 110 వోల్టులు వచ్చాయి. చిన్న స్టేషనులో బండి నిలిచిపోగానే దీపాలు గుడ్డివైపోవడం మా తరానికి బాగా గుర్తు. అప్పుడు ప్రయాణికుల తిట్లు తిన్నది ఈయన వంటివారే.

పెద్దాయన చార్జరు వైపు చూడనైనా చూడలేదు. "రాత్రి వాయువు పట్టింది బాబూ, ముందు గాలాడనివ్వండి" అని బండి తలుపులు మళ్ళీ తెరిపించాడు. నిండిన బ్యాటరీలోకి ఇంకా విద్యుత్తును తోస్తే అందులోని నీరు హైడ్రోజన్, ఆక్సిజన్‌లుగా విడిపోతుంది. గాలిలో హైడ్రోజన్ 4 శాతానికి చేరితే ఒక్క నిప్పురవ్వ చాలు. అందుకే చార్జరు వేడెక్కినప్పుడు కంగారుతో బ్యాటరీ మీది క్లిప్పులు లాగరాదు. మొదట గోడదగ్గర కరెంటు ఆపాలి. మిత్రుడు రాత్రి చేసినది అదేనని విని పెద్దాయన తల పంకించాడు.

పిమ్మట బ్యాటరీ మూతలు విప్పి, గాజుగొట్టపు హైడ్రోమీటరుతో ఒక్కొక్క సెల్లులోని ఆమ్లాన్ని పీల్చి చూశాడు. ఐదింటిలో సాంద్రత 1.270 దరిదాపులలో ఉన్నది. మూడవ సెల్లులో 1.120 దాటలేదు. మీటరు పెడితే 12.6 ఉండవలసిన బ్యాటరీ 10.6 వోల్టులే చూపింది.

"ఇదిగో, ఈ సెల్లు కూర్చుండిపోయింది" అన్నాడు. హిందీ మేస్త్రీల నుడికారం ఖరగ్‌పూర్ తెలుగులో అలా స్థిరపడిపోయింది. అనువాదాలు చేసి బతికేవాడిని కనుక ఆ మాట రాసి పెట్టుకున్నాను. 'నిర్జీవమైనది' అని నేను రాసి ఉండేవాడిని, అది ఇంత బాగుండేది కాదు.

విషయం ఇది. రెండు తొట్లను గొట్టంతో కలిపితే నీటిమట్టాలు సమానమయ్యేకొద్దీ ప్రవాహం నెమ్మదిస్తుంది. పాత చార్జరు ఆధారపడేది ఆ సూత్రం మీదనే. అందులో ఒక ట్రాన్స్‌ఫార్మరు, సెలీనియం పలకల రెక్టిఫైయరు తప్ప ఆలోచించే భాగమేదీ లేదు. బ్యాటరీ వోల్టేజి పెరిగితేనే విద్యుత్తు తగ్గుతుంది. ఆరు సెల్లులలో ఒకటి చచ్చిపోతే మట్టం ఎన్నటికీ పైకి రాదు, ప్రవాహం తగ్గదు. బాగున్న ఐదు సెల్లులు పొంగుతాయి. చార్జరు రాత్రంతా మోయలేని బరువు మోసి కాలిపోతుంది. పైగా అర్ధరాత్రి ఊళ్ళో వాడకం తగ్గి కరెంటు వోల్టేజి పెరుగుతుంది. ఆ పెట్టెను బిగించినవారెవరో గాలి రంధ్రాలకు ఎదురుగా దుప్పట్లు కుక్కే అరను అమర్చారు. ఇన్నీ కలిసివచ్చిన రాత్రి అది.

ఏ చార్జరైనా కొంత వేడెక్కుతుంది. అరచేయి ఆనించి ఐదు క్షణాలు ఉంచగలిగితే భయం లేదని ఆయన కొలత. గంటలు గడిచినా అమ్మీటరు ముల్లు దిగకపోతే మాత్రం చార్జరును తిట్టే ముందు బ్యాటరీని పరీక్షించాలి.

మిత్రుడికి ఆ చార్జరంటే మమకారం. కొత్త బ్యాటరీ వేసి దానినే వాడుకోవచ్చునా అని అడిగాడు. పెద్దాయన ఈసారి దాని మూత విప్పి చూపించాడు. చుట్టలమీది వార్నిషు నల్లబడి పెచ్చులు లేస్తున్నది. "పాప లేకపోతే వాడమనేవాడినేమో" అన్నాడు. సెలీనియం పలక కాలితే వచ్చే పొగ విషం. ఒకసారి ఉడికిన ట్రాన్స్‌ఫార్మరును నమ్మడానికి లేదు. నిండగానే తనంతట తాను తగ్గిపోయే కొత్త చార్జరును బజారునుండి తెప్పించాడు. దానిని మంచం కిందనుండి తీసి వెనుక తలుపు పక్కన గాలి తగిలేచోట బిగించాడు. బ్యాటరీకి వేరే పెట్టె చేసి, వాయువు బయటికి పోయేందుకు నేలలోనుంచి రబ్బరు గొట్టం దింపాడు. బ్యాటరీ పక్కనే తీగలో ఒక ఫ్యూజు వేశాడు. మొత్తం ఐదు గంటల పని.

కూలి అడిగితే రెండు వందలు చాలన్నాడు. మిత్రుడు ఎక్కువ ఇవ్వబోతే వద్దని, పాత చార్జరు మాత్రం ఉంచుకుంటానన్నాడు. దానిలోని రాగి మంచిదట. పాత బ్యాటరీ సీసం తుక్కు వ్యాపారికి చేరింది.

సాయంకాలం 16వ నంబరు జాతీయ రహదారి ఎక్కాము. బాలాసోర్‌లో రాత్రి బండి ఆపి కొత్త పెట్టెకు తీగ తగిలించాక, ఎనిమిదేళ్ళ పాప దానిమీద అరచేయి ఆనించి, గట్టిగా ఐదు వరకు లెక్కపెట్టింది.