పలక చూసి కూర్చోమనండి వదినగారూ

వదినగారూ, బట్టలు ఆరేయడం అయ్యాక ఒకసారి ఇటు గోడ దగ్గరికి రండి. మీ అబ్బాయీ కోడలూ వేసవిలో ఫ్రాన్స్ వెళ్తున్నారట కదా! పులిహోర పొడీ, పచ్చళ్ళూ కట్టిస్తున్నారని విన్నాను. కట్టండి, వద్దనను. కానీ మధ్యాహ్నం పూట మాత్రం అక్కడి చిన్న హోటల్లో కూర్చుని వేడిగా తినమనండి.

టూరిస్టుల ఊళ్ళో తింటే ఒలిచేస్తారనే కదా మీ భయం? అల్సాస్‌లో కొల్మార్ పక్కనే ఎగిసైమ్ అని ఒక ఊరుంది. మా అమ్మాయి స్ట్రాస్‌బర్గ్‌లో చదివేటప్పుడు తీసుకెళ్ళింది. వీధులు కోట చుట్టూ గుండ్రంగా తిరుగుతాయి. ఇళ్ళ గోడల్లో చెక్క దూలాలు పైకే కనిపిస్తుంటాయి, ఊరి చుట్టూ ద్రాక్షతోటలు. 2013లో టీవీ పోటీలో ఫ్రెంచివాళ్ళు ఓట్లేసి తమకిష్టమైన ఊరు అదేనన్నారు. ఇక చూడ్డానికి వచ్చే జనానికి లెక్కేముంది! అలాంటి చోటే మేం కడుపునిండా తిన్నాం, చవగ్గానే.

అక్కడ హోటలు వాళ్ళు ధరలు గుమ్మం బయటే పెట్టి తీరాలి, అది చట్టం. చాలాచోట్ల నల్లపలక మీద ఆ పూట వంటకం సుద్దతో రాసి ఉంటుంది, ప్లా దు జూర్ అంటారు. అందరికీ కలిపి ఒకేసారి వండుతారు కనక ధర తక్కువ. ఎక్కువగా పనిరోజుల్లో మధ్యాహ్నమే దొరుకుతుంది. పలక మీద 14 యూరోలని ఉంటే బిల్లూ 14 యూరోలే, పన్నూ సర్వీసూ అందులోనే. మన డబ్బుల్లో వెయ్యి దాటుతుంది, నిజమే. ఆ దేశంలో అది మామూలు ఉద్యోగులు తినే భోజనం. నీళ్ళ సీసా కొనక్కర్లేదు. యూన్ కారాఫ్ దో అంటే కుళాయి నీళ్ళు ఊరికే తెచ్చిపెడతారు, భోజనంతో రొట్టె కూడా ఊరికే.

అసలు తినాల్సింది తార్త్ ఫ్లాంబే. పిండిని పల్చగా వత్తి, మీగడా తెల్ల జున్నూ పూసి, పెసరట్టు మీద చల్లినట్టు ఉల్లిపాయ చల్లి, కట్టెల పొయ్యిలో పెడతారు. నిమిషాల్లో అంచులు నల్లబడి కరకరలాడుతూ వస్తుంది. పూర్వం పల్లెల్లో రొట్టెలు కాల్చే ముందు పొయ్యి వేడి చూడ్డానికి దీన్ని వేసేవారట. చేత్తో చుట్టి తినడమే అక్కడి పద్ధతి. మీ కోడలు శాకాహారి కదూ, ఇది మాత్రం గట్టిగా చెప్పండి. మామూలుగా దాని మీద పందిమాంసం ముక్కలు వేస్తారు. సాఁ లార్దొఁ అని ముందే అడిగితే మానేస్తారు. మాకు అలాగే చేసిచ్చారు, ఎవరూ మొహం చిట్లించలేదు.

మరి వీధుల నిండా హోటళ్ళుంటే దేన్లోకి వెళ్ళాలంటారా? ఇంటి కప్పు మూతగా ఉన్న గిన్నె బొమ్మ కోసం చూడమనండి. పచ్చి సరుకుతో అక్కడే వండారని దాని అర్థం, 2014 నుంచి ఉంది. బయట వండి తెచ్చినదాన్ని వేడిచేసి పెడితే దానికి ఆ గుర్తు వేయకూడదు. లోపలికి వెళ్ళగానే బోన్‌జూర్ అనాలి, కుర్చీ వాళ్ళు చూపించేదాకా ఆగాలి. ఆ పలకరింపుకి వాళ్ళిచ్చే విలువ చూస్తే నాకు ముచ్చటేసింది. బొమ్మల కొట్లో పోసే డబ్బుకన్నా, పొద్దుటే లేచి వండే ఆ మనుషుల చేతిలో పెట్టింది ఎంతో నయం వదినగారూ.

ఒక్కటి మాత్రం మరిచిపోవద్దు. చాలాచోట్ల వంట పన్నెండు నుంచి రెండింటిదాకే, మళ్ళీ రాత్రి ఏడు ప్రాంతంలో గానీ పొయ్యి వెలిగించరు. పన్నెండున్నరకల్లా కూర్చోమనండి. చిన్న హోటళ్ళకి వారంలో ఒకటి రెండు రోజులు సెలవుంటుంది, ముందే ఫోన్ చేసి కనుక్కోమనండి.