చిన్న మిల్లింగు యంత్రమునకు మోటార్ల నెన్నుకొనుట

లోహమును చెక్కు యంత్రములలో మిల్లింగు యంత్రము ముఖ్యమైనది. ఇందు గిరగిర తిరుగు కత్తి క్రింద బల్ల మెల్లగా జరుగుచుండును. ఆ బల్లను జరుపుటకు పనివాడు చేతిచక్రములను త్రిప్పవలయును. ఆ చక్రములకు బదులు మోటార్లనుంచి, అంకెలతో వ్రాసిన ఆజ్ఞలచే వానిని నడిపించు పద్ధతికి సి.ఎన్.సి. యని పేరు. అమెరికాలోని మసాచుసెట్సు సాంకేతిక విద్యాలయమువారు 1952లో, రంధ్రములు పొడిచిన టేపుచే నడుచు ఇట్టి యంత్రమును లోకమునకు చూపిరి. నాడు గొప్ప ప్రయోగశాలకే సాధ్యమైన పని నేడు ఇంటి వెనుక గదిలోను చేయవచ్చును.

నా యొద్ద ఎక్స్2 అను చిన్న యంత్రము కలదు. అది షాంఘైలోని సీగ్ సంస్థవారు చేసినది. దానిని ఈ విధముగా మార్చదలచి యుండగా, మన పాఠశాలలో తొమ్మిదవ తరగతి చదువుచున్న మా అన్నగారి కుమారుడు, "బాబాయీ, అన్నిటికంటె పెద్ద మోటార్లు కొన్నచో చింతయే యుండదు గదా!" యనెను. నా చేతనున్నది కొన్ని నెలల మిగులు మాత్రమే. ఒకమారు కొన్నదానిని పారవైచి మరియొకటి కొను స్థితి నాకు లేదు. కావున వానిని ప్రక్కన కూర్చుండబెట్టుకొని, ముందుగా కాగితముమీద లెక్క వేసితిమి.

మోటార్లు ముఖ్యముగా రెండు విధములు. స్టెప్పరు మోటారు ఒక చుట్టును 200 అడుగులుగా, అనగా అడుగునకు 1.8 డిగ్రీల చొప్పున తిరుగును. వెల తక్కువ, అమర్చుట సులభము. కాని బరువు మించినపుడది అడుగు తప్పును. తప్పిన సంగతి ఆజ్ఞ నిచ్చువానికి తెలియదు గనుక, అటుపిమ్మట చెక్కినదంతయు తప్పే యగును. సర్వో మోటారు తానున్న చోటును ఎప్పటికప్పుడు తెలుపుచుండును గాని వెల హెచ్చు, సరిచేయుట శ్రమ. తగినంత మిగులుబలము నుంచినచో చిన్న యంత్రమునకు స్టెప్పరు చాలునని తలచితిని.

ఎంత బలము కావలయును? 2.3 అంగుళముల చదరపు ముఖము గల నీమా 23 మోటారునకు 1.9 న్యూటన్ మీటర్ల త్రిప్పుబలము కలదని వ్రాసియుండును. అది నిలిచియున్నపుడు పట్టియుంచు బలము మాత్రమే. వేగము పెరిగినకొలది అది తగ్గిపోవును. పని వేగమున 1 న్యూటన్ మీటరే మిగులునని యెంచితిమి. చుట్టునకు 5 మిల్లీమీటర్లు జరుపు బాల్ స్క్రూతో, నూటికి పదివంతులు రాపిడికి పోయినను, బల్లను నెట్టు బలము సుమారు 1,100 న్యూటన్లగును. ఇది దాదాపు 115 కిలోల బరువుతో సమానము. ఈ చిన్న యంత్రపు కోతకు ఇంతకు మించిన బలముతో పని లేదు. పైగా పెద్ద మోటారు చప్పున కదలదు, చప్పున ఆగదు. యంత్రపు మరలలోని వదులును ఎంతటి మోటారును పోగొట్టజాలదు. "అట్లయిన పెద్దది దండుగ" అని పిల్లవాడే తేల్చెను.

పిమ్మట విద్యుత్తు సంగతి. వేగమున బలము నిలుచుటకు వోల్టేజి కావలయును. మోటారు ఇండక్టెన్సును మిల్లీహెన్రీలలో తీసికొని, దాని వర్గమూలమును 32చే హెచ్చించినచో గరిష్ఠ వోల్టేజి వచ్చునని వాడుకలోనున్న సూత్రము. 2 మిల్లీహెన్రీలకు సుమారు 45 వోల్టులు. అయితే మోటారు వేగము తగ్గునపుడు విద్యుత్తును వెనుకకు పంపును. అప్పుడు వోల్టేజి పైకి లేచును. 50 వోల్టులు మాత్రమే యోర్చు డ్రైవుకు 48 వోల్టులిచ్చుట బావి గట్టున నిదురించుట వంటిది. నేను 36 వోల్టులు నిర్ణయించితిని. అడుగును ఎనిమిది భాగములు చేసినచో మిల్లీమీటరునకు 320 సంకేతములు. నిమిషమునకు 1,500 మిల్లీమీటర్ల వేగమునకు సెకనునకు 8,000. ఉచితముగా దొరకు గ్రబుల్ అను నియంత్రణ కార్యక్రమము 30,000 వరకు పంపగలదు గాన అదియే చాలును.

అన్నిటికంటె ముఖ్యమైనది యంత్రపు తల. బరువైన యీ తల నిలువున పైకిని క్రిందికిని కదలును. బాల్ స్క్రూ మిక్కిలి నునుపుగా తిరుగును గాన, విద్యుత్తు పోయిన క్షణమున తల తనంత తానే క్రిందికి జారును. దాని క్రింద పిల్లవాని వ్రేళ్లుండిన నేమగును? ఈ తలంపు నన్ను రెండు రాత్రులు నిద్రపోనీయలేదు. తుదకు పెద్ద మోటార్లకు కాగల సొమ్మును ఇటు మరలించి, తలకు మాత్రము 3 న్యూటన్ మీటర్ల మోటారును, విద్యుత్తు ఆగినంతనే బిగిసికొను బ్రేకుతో కూడినదానిని ఎన్నుకొంటిని. ఆపత్కాలపు ఎఱ్ఱ మీటయు కంప్యూటరును నమ్మక, కత్తి మోటారునకును తక్కిన మోటార్లకును పోవు విద్యుత్తును తీగయందే త్రెంచునట్లు ఏర్పరచితిని.

ప్రియ విద్యార్థులారా! గోపురము కట్టబూనినవాని ఉపమానము మీరెల్లరు వినియున్నారు. వ్యయమును లెక్కించుట యనగా రూపాయలను లెక్కించుట మాత్రమే కాదు. బలమును, వేగమును, ప్రక్కన నిలుచువాని క్షేమమును గూడ లెక్కించుట. మీరు నేర్చుచున్న వర్గమూలములు, గుణకారములు పరీక్షతో తీరిపోవునవి కావు. ఒకనాడు అవి మీ ధనమును, మరియొకనాడు ఒకరి చేతిని కాపాడగలవు.