ఏటి కట్టె

‘మీరు ఎక్కడినుంచో కొట్టుకొచ్చినోళ్లు’ అనే మాట చాలాసార్లు విన్నాను. కోపంగా అన్నవాళ్లు తక్కువ. పక్కన కూర్చుని టీ తాగుతా, నవ్వుతా అన్నవాళ్లే ఎక్కువ. కొట్టుకొచ్చిన కట్టె సంగతి వాళ్లకు ఎంత తెలుసో నాకు తెలియదు. నాకు మాత్రం కొంత తెలుసు. మా అబ్బకు తిరుచానూరులో కట్టెల అడితి ఉండేది.

ఊరి పక్కన స్వర్ణముఖి. పేరులో బంగారం, చూస్తే ఇసక. తుఫాను పట్టినప్పుడే అది ఏరని గుర్తొస్తుంది. 2021 నవంబరులో అట్లాగే గుర్తు చేసింది. ఒడ్డున ఉన్న ఇల్లు ఏట్లో కూలడం టీవీల్లో అందరూ చూశారు. వరద తీసినాక ఇసకలో ఏం మిగులుతుంది? కంపచెట్లు, వేర్లతో లేచొచ్చిన కానుగ మొద్దులు, ఎవరింటిదో దూలం, ఎవరిదో తలుపు చెక్క.

అడ్డంగా పడిన పెద్ద మొద్దును అబ్బ వెంటనే కదిలించనిచ్చేవాడు కాదు. ‘ఉండనీరా, ఇసకను పట్టుకుంటాండాది’ అనేవాడు. నిజమే. మొద్దు వెనక ఇసక మేట వేస్తుంది, పక్కన గుంట పడుతుంది. ఏరు ఎండినా ఆ గుంటలో కొన్నాళ్లు చేపపిల్లలు బతుకుతాయి. నానిన చెక్కలో పురుగులు చేరతాయి, పురుగుల కోసం పిట్టలు. మేట మీద తుంగ మొలుస్తుంది. సముద్రం దాకా పోయిన దుంగను కూడా అక్కడి పురుగులు తొలిచి ఇల్లు చేసుకుంటాయి.

ఇంకో సంగతి. స్వర్ణముఖి చంద్రగిరి వైపు కొండల్లో పుట్టి, మా మీదుగా శ్రీకాళహస్తి దాటి బంగాళాఖాతానికి పోతుంది. మా ఇసకలో దొరికే కట్టె ఎగువ కొండలదే. సముద్రం నుంచి ఎదురెక్కి ఒక్క పుల్ల కూడా మా ఊరికి రాలేదు. మమ్మల్ని అరేబియా నుంచి కొట్టుకొచ్చారనేవాళ్లు ఏ ఏటిని చూసి మాట్లాడతారో! మా దాదా చంద్రగిరి దగ్గర పల్లెలో రంపం లాగినవాడు. అంతకుముందు మావాళ్లు ఏ కులంలో ఉండి కలిమా చదివారో ఎవరూ రాసిపెట్టలేదు. రాయడానికి వాళ్లకు చదువెక్కడిది?

కొట్టుకొచ్చిన కట్టెకు చట్టం ఉంది. 1927 నాటి భారత అటవీ చట్టం, 45వ సెక్షన్. నీళ్లలో తేలుతున్న, ఒడ్డున పడిన, మునిగిపోయిన కలప ఎవరైనా తమదని రుజువు చేసుకునేదాకా సర్కారుదే. ముద్ర చెరిగిపోయిన కట్టెకూ అదే గతి. నోటీసు వేసి, రాతపూర్వకంగా అడగడానికి కనీసం రెండు నెలలు గడువిస్తారు. కట్టెకైనా గడువుంది! 2019 డిసెంబరులో పౌరసత్వ సవరణ చట్టం వచ్చి, పౌర పట్టిక మాట నలుగుతున్న రోజుల్లో అమ్మి ట్రంకుపెట్టె తెరిచింది. అబ్బ పాత రేషన్ కార్డు, నా టీసీ, ఇంటిపన్ను రసీదులు మంచం మీద పరిచింది. ఎవరూ అడగలేదు కదమ్మీ అన్నాను. ‘అడిగితే?’ అంది.

కొట్టుకొచ్చిన కట్టెను దేవుణ్ని చేసుకున్న దేశమూ ఇదే. పూరీ జగన్నాథుడు సముద్రం ఒడ్డుకు చేర్చిన దుంగ అని అక్కడి కథ. ఆయన మీద పాటలు కట్టిన సాలబేగ్ ముస్లిం తండ్రికి పుట్టినవాడు. రథయాత్రలో రథం సాలబేగ్ సమాధి దగ్గర ఆగుతుంది. మాకు దగ్గర్లోనే, దేవుని కడప గుడికి ఉగాదినాడు ముస్లింలు పోతారు. బీబీ నాంచారి మా ఆడబిడ్డ, వెంకన్న మా అల్లుడని. మా ఊరి అమ్మవారు కూడా పద్మసరోవరం నీళ్లలో తామరపువ్వులో వెలిసిందనే కదా నమ్మకం.

ఈ కథలు చెప్పి సామరస్యమని చప్పట్లు కొట్టించుకోవడం నాకిష్టం లేదు. అబ్బ వైద్యానికి ఇల్లు అమ్మేశాక, పుట్టిన ఊళ్లోనే అద్దెకు తిరిగాను. ఒకాయన ఇల్లంతా చూపించి, బాడుగ మాట్లాడి, చివర్లో పేరడిగాడు. చెప్పాను. ‘మా అమ్మ పూజలు చేసుకుంటాదబ్బా, ఏమనుకోవాకండి’ అన్నాడు. వరసలు గుడిలో కలిస్తే చాలా, మీరే చెప్పండి.

అమ్మేసిన ఇంటికి గడప ఏట్లో దొరికిన వేపమొద్దుతో చేసింది. అబ్బ దాన్ని అమ్మకుండా దగ్గరుండి కోయించాడు. కొన్నవాళ్లు ఇప్పుడు దానికి పసుపు రాసి బొట్లు పెడుతున్నారు. మొన్న అటు పోతూ చూశాను. చెదలు పట్టలేదు.