అంట్ల మిషనుకు నాడి చూసిన వైద్యుడు

ఇంట్లో మనిషికి జ్వరం వస్తే ముందు నుదుటిమీద చెయ్యివేసి చూస్తాం. ఏం తిన్నాడో, రాత్రి నిద్రపట్టిందో లేదో అడుగుతాం. అంతేగాని, "ఈయన పాతబడ్డాడు, ఇంకొకర్ని తెచ్చుకుందాం" అనం. యంత్రానికి జబ్బుచేస్తే మాత్రం మనకి ఆ ఓపిక ఉండదు. నాకు బొత్తిగా లేదని ఈమధ్యనే తేలిపోయింది.

మా ఇంట్లో గిన్నెలు కడిగే యంత్రం ఒకటుంది. డిష్‌వాషర్ అనాలట. మా ఆవిడ మాత్రం దాన్ని "అంట్ల మిషను" అంటుంది. 2020లో లాక్‌డౌన్ వచ్చి పనిమనిషి రావడం మానేసినప్పుడు కొన్నది. సరదాకి కొన్నది కాదు. మా ఆవిడకి సబ్బునీళ్ళు పడవు. నాలుగురోజులు వరసగా అంట్లు తోమితే వేళ్ళసందులు పగిలి, నెత్తురు చిమ్ముతుంది. సబ్బునీళ్ళలో చెయ్యి పెట్టవద్దని డాక్టరుగారు గట్టిగా చెప్పారు. అప్పుడు నేనూ ఒక నెల్లాళ్ళు తోమాననుకోండి. కాని నేను తోమిన గిన్నెల్ని ఆవిడ మళ్ళీ తోముకునేది. అంచేత ముప్ఫై ఆరువేలు పోసి మిషను తెచ్చాం.

ఏ మాటకామాటే చెప్పుకోవాలి. ఈ యంత్రాన్ని పనికివచ్చే పద్ధతిలో మొదట తయారుచేసింది కూడా ఒక ఇల్లాలే. అమెరికాలో ఇల్లినాయి రాష్ట్రపు జోసెఫిన్ కాక్రేన్ అనే ఆవిడ. నౌకర్లు తన ఖరీదైన పింగాణీ పళ్ళేల అంచులు పగలగొడుతున్నారని ఆవిడకి కష్టం వేసింది. భర్త అప్పులు మిగిల్చి పోయాడు. ఆవిడ అధైర్యపడకుండా యంత్రం పని పూర్తిచేసి 1886లో పేటెంటు పుచ్చుకుంది. 1893లో షికాగో ప్రపంచ ప్రదర్శనలో పెట్టింది. గిన్నెల్ని కదలకుండా నిలబెట్టి, వాటిమీద వేడినీళ్ళు జోరుగా చిమ్మడమే ఆవిడ కనిపెట్టిన కిటుకు. ఈనాటికీ అదే కిటుకు.

ఇంతకీ మా మిషను సంగతి. ఒక ఆదివారం చుట్టాలొచ్చారు. నిమ్మకాయ పులిహోర, మజ్జిగపులుసు, అప్పడాలు. రాత్రి గిన్నెలన్నీ సర్ది మీట నొక్కాం. గంట తర్వాత "గుర్ర్" మని మూలిగి ఆగిపోయింది. తలుపు తీస్తే అడుగున బెత్తెడు మురికినీళ్ళు నిలిచి ఉన్నాయి.

"ఇహ దీని పని అయిపోయింది. ఐదేళ్ళు దాటింది కదా, కొత్తది కొనేద్దాం," అన్నాను. అంత తొందరపడి తీర్పు చెప్పడానికి నా కారణం నాకుంది. అది తర్వాత చెప్తాను.

మర్నాడు కంపెనీ తరఫు కుర్రాడొచ్చాడు. పది నిమిషాలు మీటలు నొక్కి, చెవిపెట్టి విని, "పంపు పోయింది సార్, బోర్డు కూడా మార్చాలి. పదమూడువేల ఎనిమిది వందలవుతుంది. ఇంత పాత మిషనుకి అంత పెట్టడం దేనికి? మార్పిడిలో కొత్తది తీసుకోండి," అన్నాడు. లోపల చెయ్యి పెట్టి చూడనన్నా చూడలేదు. నేను ఎంతో సంతోషంగా తల ఊపాను. కొత్తది నలభై ఐదువేలు.

మా ఆవిడ ఒప్పుకోలేదు. "కడుపునొప్పి అంటే పొట్టన్నా నొక్కి చూడకుండా ఆపరేషనంటే ఎలాగండీ? ఇంకొకరికి చూపిద్దాం," అంది.

ఆ ఇంకొకరు దొరికేసరికి నాలుగురోజులు పట్టింది. ఆ నాలుగురోజులూ అంట్లు ఆవిడే తోమింది. నేను తోముతానంటే "మీరు కూర్చోండి" అంది. నాలుగోనాటి రాత్రి దీపం ఆర్పాక వేళ్ళకి కొబ్బరినూనె రాసుకుంటూ ఒక్కసారి "స్" అంది. అంతే, ఇంకేమీ అనలేదు. నాకు నిద్రపట్టలేదు.

మర్నాడు వచ్చినాయన పెద్దవాడు. చేతిలో చిన్న సంచీ. మిషను ముందు చాపమీద బాసింపట్టు వేసుకుని కూర్చుని, నాడి చూసే వైద్యుడిలాగ మా ఆవిణ్ణి నాలుగు ప్రశ్నలడిగాడు. "నీళ్ళు పీలుస్తోందా అమ్మా? వేడెక్కుతోందా? లోపల చిమ్ముతోందా? బయటికి కక్కుతోందా?"

మిషను చేసే పనులు ఈ నాలుగే నన్నాడు. ఏది ఆగిందో తెలిస్తే జబ్బు ఎక్కడుందో సగం తెలిసినట్టే. నీళ్ళు పీల్చకపోతే ముందు కుళాయి కట్టేసి ఉందేమో చూడాలి. నీటిగొట్టం మొదట్లో ఉండే చిన్న జల్లెడలో ఇసుక పేరుకుందేమో చూడాలి. పై అంతస్తువాళ్ళకి ఇంకో చిక్కుంది. డాబామీద ట్యాంకు వాళ్ళ నెత్తిమీదే ఉంటుంది గనక నీళ్ళకి జోరు చాలదు. మిషనులో లోపం ఉండదు, ఎత్తులో ఉంటుంది. చల్లటి నీళ్ళతోనే కడిగి జిడ్డు వదిలేస్తుంటే హీటరును అనుమానించాలి. పై అరలోవి శుభ్రపడి కింది అరలోవి పడకపోతే, నీళ్ళు చిమ్మే రెక్కల బెజ్జాల్లో ఏ ఆవగింజో అడ్డుపడి ఉంటుంది. పుల్లతో తీసేస్తే సరి. పొడుగాటి గరిటె అడ్డుపడి రెక్క తిరగకపోవడమూ కద్దు. అసలు కదలనే కదలకపోతే తలుపు గొళ్ళెం సరిగా పడిందో లేదో, పిల్లలు నొక్కకుండా పెట్టే తాళం వేసి ఉందేమో చూసుకోవాలి. "అంతెందుకమ్మా, ప్లగ్గు ఊడిందని చెప్పి మూడువందలు తీసుకున్న రోజులున్నాయి," అని నవ్వాడు.

మా మిషను కక్కడం లేదు. ఆయన ముందు ప్లగ్గు తీసేశాడు. కుళాయి కట్టేశాడు. నిలిచిన నీళ్ళని గ్లాసుతో తోడి, మిగిలినదాన్ని స్పాంజితో ఒత్తాడు. వెనక మురికినీళ్ళ గొట్టం మడతపడలేదని, సింకు గొట్టంతో కలిసేచోట పూడుకుపోలేదని చూశాడు. తర్వాత కింది అర బయటికి లాగి ఫిల్టరు మీద చెయ్యి వేశాడు. అది తిప్పకుండానే చేతిలోకి వచ్చేసింది.

"ఇది తిప్పి బిగించాలి కదా. ఎవరు తీశారమ్మా?" అన్నాడు.

ఆ క్షణంలో నా ముఖం ఎలా ఉందో నాకు తెలియదు. మా ఆవిడ నావైపు చూడకుండానే, "నేనే తీసుంటాను, కడగడానికి," అంది.

ఫిల్టరు కింద గుంటలోకి చెంచాతో తడిమాడు. గాజుపెంకులుంటాయి గనక వేళ్ళు పెట్టకూడదన్నాడు. పంపు మీది చిన్న మూత ఊడదీసి, లోపలి బుల్లి పంకా మధ్యనుంచి ఒక నిమ్మగింజా, చింతపండు పీచూ బయటికి తీశాడు. పంకాని పుల్లతో తోస్తే గిర్రున తిరిగింది. మూత బిగించి, ఫిల్టరు తిప్పి పెట్టి, మీట నొక్కాడు. నీళ్ళన్నీ గుడగుడమంటూ బయటికి పోయాయి. పంపూ పోలేదు, బోర్డూ పోలేదు. ఐదువందలు పుచ్చుకున్నాడు.

వెళ్తూ వెళ్తూ గాజుగ్లాసుల మీది తెల్లటి మసక చూసి, "ఎండాకాలం ట్యాంకరు నీళ్ళు పోయించుకున్నారా?" అన్నాడు. మాది హైదరాబాదు. అప్పుడు నెల్లాళ్ళుగా బోరునీళ్ళ ట్యాంకర్లమీదే గడుపుతున్నాం. బోరునీళ్ళలో సున్నం ఎక్కువ. దాన్ని పట్టుకునే గుళికలు మిషను లోపల ఉంటాయి. వాటిని మళ్ళీ కడిగి పనికితెచ్చేది ఉప్పు. నీళ్ళు మారితే ఉప్పు కొలత కూడా మార్చుకోవాలి. ఇంట్లో వాడే సన్నటి అయొడిన్ ఉప్పు పోయకూడదు, మిషను కోసం అమ్మే గరుకుప్పే పొయ్యాలి. మసకమీద వెనిగరు రాస్తే పోయిందా, అది సున్నం. పోలేదా, గాజే అరిగిపోయిందన్నమాట. దానికి మందులేదు. గిన్నెలు తోమే మామూలు సబ్బుద్రవం పోస్తే నురుగు పొంగి వంటింట్లోకి వస్తుందని కూడా హెచ్చరించాడు.

"మరి కొత్తది ఎప్పుడు కొనాలంటారు?" అని మా ఆవిడ అడిగింది.

"లెక్క సులువమ్మా. ఇది పదేళ్ళ వస్తువనుకోండి. వయసు సగం దాటి, మరమ్మతు ఖర్చు కొత్తదాని ధరలో సగం దాటితే వదిలెయ్యండి. ఆ రెండిట్లో ఒక్కటే దాటితే బాగుచేయించండి. తొట్టి అడుగు తుప్పుపట్టి చిల్లిపడితే మాత్రం లెక్కలొద్దు, పంపించెయ్యండి."

ఆ మాట నిజమే. మా బావమరిది ఇంట్లో పదకొండేళ్ళ మిషను ఉండేది. తొట్టి కారింది. బోర్డు పోయింది. ఆ రకం బోర్డు దొరకలేదు. అయినా మమకారం కొద్దీ రెండుసార్లు మరమ్మతు చేయించి, పన్నెండువేలు పోసి, మూడోసారి కొత్తది కొన్నాడు. వదలవలసినదాన్ని వదలకపోవడమూ నాలాంటి తొందరపాటే, వేషం వేరు. పాతది పారెయ్యకుండా అనుమతి ఉన్న రీసైకిలు వాళ్ళకిచ్చాడు. అదొక్కటీ మంచిపని.

విడిభాగాలూ, మరమ్మతు వివరాలూ ఒకచోట దొరికేలా మన ప్రభుత్వం 2022 డిసెంబరులో "రైట్ టు రిపేర్" అనే పోర్టల్ తెరిచింది. బాగుచేయించుకోవడం కొన్నవాడి హక్కేనన్నమాట. కాని ఆ హక్కుని వాడుకోవాలంటే ముందు జబ్బేమిటో అడిగే ఓపిక ఉండాలి.

ఇప్పుడు ఇందాక దాచిన కారణం. చుట్టాలు రావడానికి ముందురోజు, నేను కూడా ఇంటిపని చేస్తానని చూపించుకోవాలని ఫిల్టరు తీసి కడిగింది నేను. తిరిగి పెట్టి, తిప్పడం మరిచింది నేను. ఆదివారం రాత్రి తలుపు తియ్యగానే ఫిల్టరు ఒక పక్కకి ఒరిగి ఉండటం చూశాను. చూసీ చూడనట్టు తలుపు మూసి, మిషను పని అయిపోయిందన్నాను. నా పొరపాటు బయటపడకుండా నలభై ఐదువేలు ఖర్చుపెట్టడానికి సిద్ధపడ్డాను. అందుకు నాలుగురోజులు ఆవిడ వేళ్ళు పగిలాయి.

ఆ రాత్రి మిషను గుసగుసలాడుతూ పనిచేస్తుంటే ఒప్పేసుకున్నాను.

"నాకు తెలుసు. శనివారం మీరు ఈలవేసుకుంటూ కడగడం చూశాను," అంది.

"మరి నీమీద వేసుకున్నావేం?"

"పరాయివాడి ముందు మిమ్మల్ని చిన్నబుచ్చుతానా? మీరే చెప్తారేమో, ఎన్నాళ్ళకి చెప్తారోనని చూస్తున్నాను."

ఇంకేం మాట్లాడను? కొబ్బరినూనె సీసా తెచ్చి ఆవిడ చేతికివ్వబోయి, మళ్ళీ ఆలోచించి నేనే మూత తీసి ఆవిడ వేళ్ళకి రాశాను. ఆవిడ ఏమీ అనలేదు. ప్రతి శనివారం ఫిల్టరు కడగడం ఇప్పటికీ నా పనే. తిప్పి బిగించాక ఆవిణ్ణి పిలిచి చూపిస్తాను.